నల్లరేగడిలో దిగబడుతున్న ఎఫ్-150: ట్రూట్రాక్ వేయించాలా, లాకర్ వేయించాలా?

కాఫ్‌మన్_రైతు
డల్లాస్‌కు తూర్పున కాఫ్‌మన్ కౌంటీలో కొంచెం పొలం తీసుకున్నాను. బండి 2016 ఫోర్డ్ ఎఫ్-150 పికప్, ఫోర్ బై ఫోర్. డ్రైవర్ డోర్ పక్కన ఉన్న స్టిక్కర్‌లో యాక్సిల్ కోడ్ 19 అని ఉంది. అంటే 3.55 రేషియో, మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె). ఎల్9 అని ఉంటే కంపెనీ వాళ్ల ఎలక్ట్రానిక్ లాకర్ ఉన్నట్టు, మనకా అదృష్టం లేదు.

వాన పడితే గేటు నుంచి షెడ్డుకు వెళ్లే దారిలో దిగబడుతోంది. దారి ఒక పక్కకు వాలు. పై వైపున్న వెనక చక్రం గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు. షెడ్డుకు ముందు కల్వర్టు దగ్గర గాడి పడింది, అక్కడైతే ఒక్కోసారి ఆ చక్రం నేలకు ఆనీ ఆననట్టు ఉంటుంది. వెనక పినియన్ సీల్ (డిఫరెన్షియల్‌లోకి షాఫ్టు వెళ్లే చోట నూనెను ఆపేది) కారుతోంది కాబట్టి ఎలాగూ విప్పించాలి. అదే ఖర్చులో ఈటన్ ట్రూట్రాక్ పెట్టించనా, ఏఆర్‌బీ ఎయిర్ లాకర్ పెట్టించనా? వారమంతా ఆఫీసుకు ఇదే బండి. మా ఆవిడ కూడా నడుపుతుంది.

గేర్ఆయిల్
ట్రూట్రాక్. రోజూ హైవే ఎక్కే బండికి ఇంకో మాట అనవసరం.

ఓపెన్ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగా టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది, చిక్కంతా అక్కడే. బురదలో ఉన్న చక్రం 100 మాత్రమే తట్టుకోగలిగితే, గట్టి నేల మీదున్న దానికీ 100 మించి వెళ్లదు. ట్రూట్రాక్‌లో వాలు పళ్ల గేర్లు ఉంటాయి. ఒక చక్రం జారబోయేసరికి అవి పక్కకు ఒత్తుకుని, పట్టున్న వైపుకు ఎక్కువ పంపుతాయి. మూడు రెట్లు అనుకుంటే, ఇటు 100 ఉన్నప్పుడు అటు 300 వెళ్తుంది. స్విచ్ లేదు, శబ్దం లేదు, డ్రైవర్ చేయాల్సిందేమీ లేదు.

పాత క్లచ్ రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఎల్‌ఎస్‌డీతో దీన్ని కలపొద్దు. వాటిలో ప్లేట్లు అరుగుతాయి, నూనెలో ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్లు పట్టేయకుండా కలిపే ద్రవం) పోయాలి, మర్చిపోతే పార్కింగ్‌లో తిప్పినప్పుడల్లా వెనక నుంచి గురగురమంటుంది. ట్రూట్రాక్‌లో ప్లేట్లే లేవు కాబట్టి ఆ మాడిఫయర్ పోయకూడదు కూడా.

లాక్_చేసెయ్
గేర్ఆయిల్ గారు లెక్క సగమే చెప్పారు. మూడు రెట్లు, బాగుంది. చక్రం గాల్లో ఉంటే? సున్నాకు మూడు రెట్లు ఎంత? ఆయన కల్వర్టు దగ్గర చక్రం లేస్తోందని రాశాడు, అది చదవకుండానే ట్రూట్రాక్ అనేశారు.

లాకర్ వేస్తే రెండు చక్రాలూ ఒకే ఇరుసుగా తిరుగుతాయి. ఒకటి గాల్లో ఉన్నా రెండోది లాగుతుంది. అవసరం తీరాక ఆపేస్తే మళ్లీ మామూలు ఓపెన్ డిఫరెన్షియల్. హైవే మీద ఏ బాధా లేదు.

గేర్ఆయిల్
చదివాను తమ్ముడూ. చక్రం లేచినప్పుడు ఎడమ కాలితో బ్రేక్ మీద కొంచెం ఒత్తిడి పెట్టి యాక్సిలరేటర్ ఇస్తే గాల్లో ఉన్న చక్రానికి కాస్త అడ్డు దొరుకుతుంది. ఆ అడ్డుకే మూడు రెట్లు అవతలికి పోతుంది. ట్రాక్షన్ కంట్రోల్ కూడా జారుతున్న చక్రాన్ని బ్రేకుతో పట్టుకుంటుంది, ఓపెన్ డిఫరెన్షియల్‌తో కన్నా దీంతో బాగా కలిసి పనిచేస్తుంది.

ఇక ఎయిర్ లాకర్ అంటే కంప్రెసర్ కావాలి, వైరింగ్ కావాలి, హౌసింగ్‌కు రంధ్రం చేసి గాలి పైపు లోపలికి పంపాలి. లోపల సీల్ పోతే మళ్లీ అంతా విప్పాల్సిందే. పినియన్ సీల్ మార్చబోయి ఇంకో సీల్ కొని తెచ్చుకోవడం దేనికి?

మిన్నెసోటా_మంచు
అటు సైడూ కాదు, ఇటు సైడూ కాదు. నేనైతే ఓపెన్‌గానే ఉంచి మంచి టైర్లు కొంటాను.

నున్నటి ఐసు మీద ఓపెన్ బండికి ఎక్కువ గ్యాస్ (యాక్సిలరేటర్) ఇస్తే ఒక చక్రమే తిరుగుతుంది. తిరగని రెండోది బండి వెనక భాగాన్ని పక్కకు పోకుండా పట్టుకుని ఉంటుంది. వెనక రెండూ కలిసి తిరిగితే పక్కకు పట్టు ఉండదు, రోడ్డు ఏ వైపు వాలుగా ఉంటే తోక అటు జారుతుంది. ఖాళీ పికప్‌కు వెనక బరువే ఉండదు కాబట్టి ఇంకా త్వరగా జారుతుంది. టెక్సస్‌లో ఐసు ఎక్కడిదంటారేమో, 2021 ఫిబ్రవరిలో డల్లాస్ రోడ్లు ఎలా ఉన్నాయో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

లాక్_చేసెయ్
అందుకే కదా స్విచ్ ఉన్న లాకర్ అంటున్నది! ఐసు మీద ఆపేసుకుంటే మీరు మెచ్చుకునే ఓపెన్ డిఫరెన్షియలే. ట్రూట్రాక్‌నే ఆపలేం. మీ వాదన నా వైపుకే వచ్చింది, థాంక్స్.

నంద్యాల_లోడు
ఇక్కడ నంద్యాల దగ్గర బొలెరో పికప్ నడుపుతాం, వెనక చక్రాలకే ఇంజిన్, ఓపెన్ క్రౌన్, అంటే మీరనే ఓపెన్ డిఫరెన్షియలే. కాఫ్‌మన్ అన్నా, మీ నేల కూడా మా నల్లరేగడి లాంటిదేనటగా. ఎండకు నెర్రెలు, వానకు జిగురు.

ఈ చర్చలో రేగడి గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇసుకలో, రాళ్లలో లాకర్ గొప్పదే. రేగడిలో మాత్రం ముందు టైరు గాళ్లు మూసుకుపోతాయి. నాలుగు చుట్లు తిరిగేసరికి గాళ్లు కనబడవు, నున్నటి నల్ల గుండు మిగులుతుంది. అప్పుడు రెండు చక్రాలు కలిసి తిరిగినా ఒకటి బదులు రెండు గోతులు తవ్వుతాయి, అంతే. బండి ఛాసిస్ మీద కూర్చుంటే ట్రాక్టర్ రావాల్సిందే. మా దగ్గర ఖాళీ బండి దిగబడినంత త్వరగా పది బస్తాలు వేసిన బండి దిగబడదు, తడి పైపైన ఉన్నంతవరకే అనుకోండి. లోపలిదాకా నానితే బరువే శత్రువు.

గేర్ఆయిల్
నంద్యాల అన్న చెప్పింది అక్షరాలా నిజం. టెక్సస్ రాష్ట్ర నేలగా చెప్పుకునేది హ్యూస్టన్ బ్లాక్. మన రేగడీ అదీ ఒకే జాతి, వర్టిసాల్స్ అనే నెర్రెలిచ్చే బంకనేలలు. డల్లాస్ చుట్టుపక్కలంతా ఆ బ్లాక్‌ల్యాండ్ నేలలే.

జీ80_బాధితుడు
నాది షెవర్లే సిల్వరాడో పికప్. గ్లవ్ బాక్స్ స్టిక్కర్ మీద జీ80 అని ఉంది, అంటే ఈటన్ మెకానికల్ లాకర్. రెండు చక్రాల మధ్య నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా వస్తే లోపల చిన్న బరువులు విచ్చుకుని, కొక్కెం పడి, మొత్తం లాక్ అవుతుంది. 20 మైళ్ల వేగం దాటితే పడదు. స్విచ్ లేదు కదా అని మురిసిపోయాను. తడిసిన మలుపులో, ఖాళీ బండితో, సిగ్నల్ దగ్గర గ్యాస్ ఇచ్చినప్పుడు ధన్‌మని పడితే అప్పుడు తెలుస్తుంది. మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకుంటున్న రోజుల్లో ఆ చప్పుడుకి బండి నడిరోడ్డు మీద ఆపేసింది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపే బండిలో దానంతట అదే పడే లాకర్ మాత్రం వద్దు.

నంద్యాల_లోడు
2020లో వచ్చిన కొత్త మహీంద్రా థార్‌లో కూడా ఈటన్ మెకానికల్ లాకరే అన్నా, కొన్ని వేరియంట్లలో. మా ఊరి కుర్రాళ్లు ఆ చప్పుడు విని గేర్‌బాక్సు పోయిందని షోరూమ్‌కు పరిగెత్తారు.

కాఫ్‌మన్_రైతు
అందరికీ థాంక్స్. మా ఆవిడ ఎడమ కాలితో బ్రేక్ నొక్కదు, స్విచ్ ఎక్కడుందో కూడా పట్టించుకోదు. తనకు దారి మీద బండి నిలకడగా పోతే చాలు. పొలంలో నడిపేది నేనే. టైర్లు ఇప్పుడు హైవే రకమే ఉన్నాయి, సగం పైన అరిగాయి.

గేర్ఆయిల్
అయితే డబ్బు పెట్టే వరుస మార్చు. ముందు ఆల్ టెరైన్ టైర్లు, వాటిలోనూ బురద గాళ్లలో ఆగకుండా రాలిపోయేలా వెడల్పు గాళ్లున్నవి. పొలంలో గాలి తగ్గించి నడుపు, హైవే ఎక్కే ముందు మళ్లీ నింపు. ఆ తర్వాత ట్రూట్రాక్.

విప్పేవాడిని చూసి ఎంచుకో. కేస్ (డిఫరెన్షియల్ గూడు) మారిస్తే క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని పాత కేస్ నుంచి తీసి కొత్త దానికి బిగించాలి. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు) ఇంచులో వెయ్యో వంతుల్లో సెట్ చేయాలి, పళ్లకు రంగు పూసి ఒరుసుకున్న గుర్తు చూడాలి. "అలవాటే సార్, చేత్తో చూస్తే తెలుస్తుంది" అనేవాడి దగ్గర బండి వదిలితే 60 దాటగానే వెనక ఈల మొదలవుతుంది. పార్టు, లేబర్ కలిపి ఎలాగూ వెయ్యి డాలర్లు దాటే పని, ఆ సందు కొలిచే డయల్ గేజీ ఉన్నవాడికే ఇవ్వు.

మిన్నెసోటా_మంచు
టైర్లు ముందు అన్నారు కదా. ఇంతసేపూ నేను చెప్పిందీ అదే.

లాక్_చేసెయ్
సరే, రెండు డ్రైవర్ల బండి, వారమంతా హైవే, దానికి ట్రూట్రాక్ అంటే ఒప్పుకుంటాను. కల్వర్టు దగ్గర మాత్రం ఒప్పుకోను. చక్రం లేచే చోటు లేచేదే. ఆ గాడిలో ఒక లోడు పెద్ద సున్నపురాయి కంకర పోయించి, పక్కకు నీళ్లు పోయేలా కాలువ తీయించు. అది చేయకపోతే వచ్చే వానాకాలంలో ఇదే థ్రెడ్ కింద "ఎయిర్ లాకర్ ఎక్కడ దొరుకుతుంది" అని అడుగుతావు.

కాఫ్‌మన్_రైతు
కంకర లోడు రేటు కనుక్కుంటున్నాను. లారీ గేటు దాటి లోపలికి రావాలంటే ముందు నేల ఆరాలట.