ఇంగ్లీషులో క్రాంకీ (cranky) అంటే చిరాకా, తిక్కా?

మారతహళ్లి_కుర్రాడు:
నిన్న మా సాఫ్ట్‌వేర్ టెస్టర్ బెంగళూరు సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కుని ఆఫీసుకొచ్చాడు, ఏది అడిగినా కరిచినట్టు జవాబు. నేను టీమ్ మెయిల్‌లో 'ఈరోజు అతను కాస్త క్రాంకీగా ఉన్నాడు, రేపు అడుగుదాం' అని రాశా. లండన్‌లో చాలా ఏళ్లు ఉండొచ్చిన మా టీమ్ లీడ్ పిలిచి, తోటివాణ్ణి తిక్క మనిషి అంటావేంటయ్యా అని క్లాసు పీకాడు. అమెరికా క్లయింటేమో తన పాప నిద్రలేక క్రాంకీగా ఉందని కాల్‌లో మామూలుగానే అంటుంది. ఎవరు రైటు? తెలుగులో చిరాకు అంటే సరిపోతుందా?

పాత_డీజిల్:
ఇద్దరూ రైటే బ్రో. అమెరికాలో క్రాంకీ అంటే ఊరికే విసుక్కోవడం, ముఖ్యంగా నిద్ర చాలని పిల్లలు. బ్రిటన్‌లో ఎక్కువగా విడ్డూరం మనిషి, వింత ఆలోచనలవాడు అని. విసుగు అనడానికి వాళ్లకి టెచీ (tetchy), గ్రంపీ ఉన్నాయి. దీని మూలంలో ఉన్న క్రాంక్ అంటే వంకర. పాత కార్లకి ముందు నుంచి దూర్చి తిప్పే వంకర హ్యాండిల్ కూడా క్రాంకే. జర్మన్‌లో క్రాంక్ అంటే జబ్బుగా ఉండటం, అది దీనికి చుట్టమే. మొరాయించే మెషీన్‌ని కూడా క్రాంకీ అంటారు, మా ఇంటి మిక్సీ లాంటిదన్నమాట.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
చిరాకు సగమే సరిపోతుందండీ. చిరాకంటే దేనిమీదో ఒకదానిమీద వస్తుంది: ట్రాఫిక్ చిరాకు, ఉక్కపోత చిరాకు. క్రాంకీకి అలా కారణం చూపించక్కర్లేదు, పొద్దున లేచిన దగ్గర్నుంచీ మనిషే అలా ఉంటాడు. పెద్దవాళ్లయితే చిర్రుబుర్రులాడుతున్నాడు, చిటపటలాడుతున్నాడు అంటాం. చంటిపిల్లయితే 'నిద్రకి పేచీ పెడుతోంది' అనేస్తాం, అందులో కోపం కన్నా జాలే ఎక్కువ, మీ క్లయింటు మాటలోనూ అదే ఉంది. కస్సుబుస్సు మాత్రం వేరు, ఎదురుగా ఒకరుండాలి కదా కస్సుమనడానికి! ఇంకోమాట, ఈ పదం మన గురించో మన పిల్లల గురించో చెప్పుకోవడానికి బావుంటుంది. తోటి ఉద్యోగి గురించి రాస్తే అర్థం అమెరికాదైనా సరే, పసిపిల్లాడి కింద జమకట్టినట్టే. అదే ఆడమనిషి గురించి రాసుంటే ఇంకా ఘోరంగా ఉండేది. మీ లీడ్ కారణం తప్పు, తిట్టడం కరెక్ట్.

బీటీఎం_అద్దె_ఇల్లు:
మా ఓనరాంటీ కన్నడలో 'సిడిమిడి' అంటారు, అద్దె ఒక్కరోజు లేటైతే అంకుల్ అదే. తెలుగులో చిడిముడి ఉంది గానీ అందులో కంగారు, తత్తరపాటు ఎక్కువ, ఈ విసుగు కాదు. అన్నట్టు ఆకలి వల్ల వచ్చే చిరాకుకి ఇంగ్లీషులో హ్యాంగ్రీ అని వేరే మాటే ఉంది, హంగ్రీ, యాంగ్రీ కలిపి కుట్టేశారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి 2018 జనవరిలో ఎక్కింది. మెస్‌లో సాంబార్ అయిపోయినప్పుడు మా రూమ్మేట్‌ని చూస్తే అర్థం అడగక్కర్లేదు.

మారతహళ్లి_కుర్రాడు:
థాంక్సండీ. టెస్టర్‌కి సారీ చెప్పా. వాడు ఆ మెయిల్ తెరవనే లేదట, ఇప్పుడు తెరిచి చదువుతున్నాడు.