రేడియోవాళ్లు గ్యాస్ కార్డు వచ్చిందని ఫోన్ చేసి లెక్క అడిగారు, ఇది నిజమేనా?

గోదావరి కుర్రాడు, బ్రాంప్టన్:
అందరికీ నమస్కారం. కెనడా వచ్చి మూడు నెలలైంది. ఇక్కడి ఎఫ్‌ఎమ్‌లో పోటీ విని సరదాగా పేరు పంపాను. నిన్న ఫోన్ చేసి 500 డాలర్ల గ్యాస్ కార్డు వచ్చిందన్నారు. అమ్మకి చెబితే "ఎన్ని సిలిండర్లురా?" అంది. ఇక్కడ గ్యాస్ అంటే పెట్రోలని ఆవిడకేం తెలుసు! అంతలో ఆ రేడియో అమ్మాయి "6 ఇంటూ 8 మైనస్ 10 బై 2 ఎంత?" అనడిగింది. బహుమతికి లెక్కేంటని టెన్షన్ వచ్చి ఫోన్ పెట్టేశాను. మళ్లీ చేయనా? ఉద్యోగానికి, పన్నులకి ఇక్కడ వాడే సిన్ నంబర్ అడిగితే ఇవ్వాలా? స్టడీ పర్మిట్‌కి ఇబ్బందా?

మిస్సిసాగా బాబాయి:
పెట్టేసి మంచి పని చేశావు అబ్బాయ్. ఇక్కడ ఊరికే ఎవడూ ఏదీ ఇవ్వడు. నేనొచ్చిన కొత్తలో ఒక బేస్‌మెంట్ ఓనరు ఇలాగే తియ్యగా మాట్లాడి డ్యామేజీ డిపాజిట్ అని వెయ్యి పుచ్చుకున్నాడు. ఖాళీ చేసేటప్పుడు గోడకి మేకు దిగిందని, పోపు వాసన పోలేదని మొత్తం మింగేశాడు. మేకు నేనొచ్చేసరికే ఉంది! ఆంటారియోలో ఆఖరి నెల అద్దె, తాళం డిపాజిట్ తప్ప ఇంకేమీ అడగకూడదు. ఆ అద్దె డిపాజిట్ మీద ఏటా వడ్డీ కూడా మనకే రావాలి. రసీదు లేకుండా పైసా ఇవ్వకు.

వరంగల్ అక్క:
బాబాయ్ గారూ, ఇల్లు సంగతి ఎవరడిగారండీ? తమ్మీ, లెక్క అడిగారంటేనే పద్ధతి ప్రకారం చేస్తున్నారని. ఉత్త అదృష్టం మీద బహుమతి పంచితే ఇక్కడ క్రిమినల్ కోడ్ ఒప్పుకోదు, అందుకని తెలివికి పరీక్షన్నట్టు ఒక లెక్క పెడతారు. కాఫీ కొట్లవాళ్లు కప్పుల మీద పెట్టే బహుమతి పోటీలోనూ ఇదే తంతు. నీకు ఫోన్ వచ్చిన నంబరుకి కాకుండా, స్టేషన్ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి ఈరోజే చెయ్యి. ముందు ఫీజు కట్టమంటే మాత్రం అది మోసమే. సిన్ వద్దు. ఇలాంటి బహుమతి మీద ఇక్కడ పన్ను లేదు, ఇక సిన్‌తో వాళ్లకేం పని? నువ్వు ఉద్యోగం చేసి సంపాదించింది కాదు, పర్మిట్ గురించి భయపడకు.

డాలస్ పాతకాపు, ఇప్పుడు ఓక్‌విల్:
పన్ను లేదని ఎవరన్నారు? నాకు కచేరీ టికెట్లు, హోటలు కలిపి బహుమతిగా ఇచ్చి 1099 అనే పన్ను కాగితం పంపారు. అప్పట్లో 600 డాలర్లు, ఆపైన అయితే వచ్చేది.

వరంగల్ అక్క:
అది అమెరికా అన్నయ్యా. మీరు నయాగరా దాటొచ్చి ఆరేళ్లయింది.

మిస్సిసాగా బాబాయి:
సరే, లెక్కకి జవాబు 19. అది గుర్తుంచుకో.

డాలస్ పాతకాపు:
19 ఎలాగండీ? బోడ్‌మాస్ మర్చిపోయారా? ముందు భాగహారం. 48లోంచి 5 తీస్తే 43.

మిస్సిసాగా బాబాయి:
ఫోన్లో చెప్పేటప్పుడు బ్రాకెట్లు వినిపిస్తాయా? చెప్పిన వరసలో చెయ్యాలి.

గోదావరి కుర్రాడు:
అక్కా, చేశాను. ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. 43 అన్నాను, సరిపోయింది! శుక్రవారం ఐడీ తీసుకుని రమ్మన్నారు. కానీ నాకు కారే లేదు. రూమ్మేట్ ఇప్పటినుంచే నన్ను "సార్" అంటున్నాడు.

మిస్సిసాగా బాబాయి:
ఏ బంకు కార్డో ముందు చూసుకో. వేరే బంకుదైతే కాస్ట్‌కో బంకులో చెల్లదు.