మూడో ఏడు ఆక్స్‌ఫర్డ్‌లో బయోకెమిస్ట్రీ: ల్యాబ్ వదులుకుని వెళ్లాలా?

ఒహాయో_మేనమామ:
మా అక్క కూతురు ఇక్కడ అమెరికాలో బయోకెమిస్ట్రీ చదువుతోంది, వచ్చే ఫాల్‌కి మూడో ఏడు. ఆ ఏడాదంతా ఆక్స్‌ఫర్డ్‌కి విజిటింగ్ స్టూడెంట్‌గా పంపిస్తామని కాలేజీ వాళ్లు అంటున్నారు. అక్కడి డిగ్రీ రాదు, క్రెడిట్లు మాత్రం ఇక్కడ కలుపుతారు. పిల్ల ఎగిరి గంతేస్తోంది. మా బావగారేమో వ్యాసాలు రాయడానికి అంత దూరం ఎందుకు, అదే ఏడాది ఇక్కడ ప్రొఫెసర్ ల్యాబ్‌లో ఉంటే ఏదో ఒక పేపర్లో పేరైనా వస్తుంది కదా అంటారు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

పిపెట్_పట్టినోడు:
మీ బావగారిదే కరెక్ట్. ఇది చేత్తో నేర్చుకునే చదువు. ప్రోటీన్ ప్యూరిఫై చేసేటప్పుడు ఎక్కడ ఎంత పోతోందో, ఎందుకు పోతోందో కోల్డ్ రూమ్‌లో వణుకుతూ, ప్రోటీన్లని వేరుచేసే గొట్టం (కాలమ్) కింద చుక్కచుక్కగా దిగేది ట్యూబుల్లో పట్టినవాడికే తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో మైకల్‌మస్, హిలరీ, ట్రినిటీ మూడు టర్మ్‌లూ ఎనిమిదేసి వారాలే, అంటే 24 వారాలు. వాళ్ల సొంత స్టూడెంట్లకే పెద్ద ప్రాజెక్ట్ నాలుగో ఏట గానీ రాదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి ల్యాబ్‌లో బెంచ్ ఎవరిస్తారండీ?

టర్మ్_మధ్యలో:
వారాల లెక్క చెప్పారు సరే, ఆ వారాల్లో ఏం జరుగుతుందో చెప్పలేదు అన్నయ్యా. నేను వెళ్లొచ్చాను. వారం వారం పేపర్లు చదివి వ్యాసం రాయాలి, తర్వాత ట్యూటర్ ఎదుట గంటసేపు కూర్చోవాలి, పక్కన మహా అయితే ఒకరిద్దరు. హీమోగ్లోబిన్ వారం బాగా గుర్తు. అది ఆక్సిజన్‌ని ఎలా పట్టుకుంటుందో మోనో, వైమన్, షాంజూ 1965లో చెప్పిన మోడల్, మరుసటి ఏడాది కోష్‌లాండ్ వాళ్లు చెప్పిన మోడల్ రెండూ పూసగుచ్చినట్టు రాసుకెళ్లాను. ట్యూటర్ నా కాగితం పక్కన పెట్టి, ఆక్సిజన్ పెరిగేకొద్దీ హీమోగ్లోబిన్ ఎంత పట్టుకుంటుందో చూపే ఎస్ ఆకారం గ్రాఫ్ గీయమన్నారు. బీపీజీ (ఎర్ర రక్తకణాల్లో హీమోగ్లోబిన్ చేత ఆక్సిజన్ వదిలించే పదార్థం) తీసేస్తే? గీత ఎడమకి జరుగుతుంది. అప్పుడు కండరానికి? హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని సరిగా వదలదు. సరే, ఈ ఒక్క గీత చూసి రెండు మోడళ్లలో ఏది నిజమో చెప్పు. నాకు నోరు పెగల్లేదు. చెప్పలేం, అదే జవాబు! గీతకి రెండూ సరిపోతాయి, తేలాలంటే వేరే రకం ప్రయోగం కావాలి. మా కాలేజీలో వందమంది క్లాసులో ఎవరూ నన్ను ఆ ప్రశ్న దాకా తీసుకెళ్లలేదు.

భీమవరం_బయో:
నా ఓటు ల్యాబ్‌కే. మన యల్లాప్రగడ సుబ్బారావు గారినే చూడండి. ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ ఎస్టిమేషన్ చేసినవాళ్లకి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి తెలియనిది కాదు: మాలిబ్డేట్, ఆన్సా అనే రసాయనాలు పోసి, నీలం రంగు వచ్చాక కలరీమీటర్‌లో 660 నానోమీటర్ల దగ్గర రీడింగ్. 1925 నాటిది. కండరం నుంచి తీసిన ద్రవంలో ఆ నీలం ఆలస్యంగా వస్తోందని గమనించబట్టే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ (కండరంలో శక్తిని నిల్వ ఉంచే పదార్థం) సంగతి బయటపడింది. ఆ ఆలస్యం వ్యాసంలో కనిపిస్తుందా?

టర్మ్_మధ్యలో:
ఉదాహరణ భలే ఇచ్చారు, కానీ అది నా వైపే పనిచేస్తుంది. రంగు లేటైతే రీడింగ్ సర్దేసి రికార్డు నింపేసేవాళ్లే ఎక్కువ (మన రికార్డుల సంగతి మనకి తెలీదా). ఎందుకు లేటైంది అని పట్టుకు కూర్చున్నారు కాబట్టే ఆయన సుబ్బారావు గారు. ట్యూటర్లు చేయించేది అదే.

పిపెట్_పట్టినోడు:
పట్టుకు కూర్చోవాలన్నా ముందు కంటికి కనబడాలిగా తల్లీ.

ప్రీమెడ్_అమ్మ:
అందరూ పీహెచ్‌డీ అనుకునే వాదించుకుంటున్నారు. అమ్మాయికి మెడిసిన్ ఆలోచన ఉందేమో అడిగారా? 2015 నుంచి ఎమ్‌క్యాట్‌లో (ఇక్కడి మెడికల్ ఎంట్రన్స్) బయోకెమిస్ట్రీ గట్టిగానే అడుగుతున్నారు, మూడో ఏడు చివర్లో రాసేవాళ్లు చాలామంది. బయటి దేశంలో చేసిన కోర్సులని లెక్కలోకి తీసుకోని మెడికల్ స్కూళ్లూ ఉన్నాయి, ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ లాంటివి ఇక్కడే ముగించి వెళ్లడం మంచిది. ఇంకోటి, ఏడాదంటే ఆరు నెలలు దాటిపోతుంది, విజిటర్‌గా వెళ్లి చదవడం కుదరదు, స్టూడెంట్ వీసానే తీసుకోవాలి.

ఒహాయో_మేనమామ:
మెడిసిన్ కాదండీ, పీహెచ్‌డీయే. పోనీ ఒక్క టర్మ్‌కి వెళ్లొచ్చి ల్యాబ్‌లో చేరితే ఇద్దరి మాటా నెగ్గినట్టుంటుందేమో?

టర్మ్_మధ్యలో:
ఒక్క టర్మ్ మాత్రం వద్దండీ. సగం టర్మ్ అక్కడి పద్ధతి అలవాటయ్యేసరికే అయిపోతుంది. వెళ్తే ఏడాదీ వెళ్లాలి. ట్రినిటీ జూన్‌లో ముగుస్తుంది కాబట్టి వేసవంతా ఆ ప్రొఫెసర్ ల్యాబ్‌లోనే ఉండొచ్చు, చోటు అడుగుతూ ఇప్పుడే మెయిల్ పెట్టించండి. ఆక్స్‌ఫర్డ్ కాలేజీకి కూడా రాసి, ప్రాక్టికల్స్‌కి రానిస్తారో లేదో కాగితం మీద తెప్పించుకోండి.

పిపెట్_పట్టినోడు:
వేసవిలో పేపర్ రాదు, చెయ్యి అలవాటు తప్పకుండా ఉంటుందంతే. ఆ ముక్క బావగారికి ముందే చెప్పండి, తర్వాత మిమ్మల్ని అంటారు.