అప్‌స్కేలింగ్, ఫేక్ ఫ్రేములు, రే ట్రేసింగ్: ఇది కార్డు బలమా, కనికట్టా?

పాతకార్డు:
సూటిగా అడుగుతున్నా. మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ గేమ్‌కి ఎలాంటి పీసీ కావాలో చెప్పే రికమెండెడ్ లిస్టు చూశారా? 1080పీ రిజల్యూషన్, 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేములు) అని రాసి పక్కనే "ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే" అన్నారు, అదీ మీడియం సెట్టింగ్స్‌లో. అంటే అసలు ఫ్రేముల మధ్య కల్పించి దూర్చినవే సగం, వాటిని గ్రాఫిక్స్ కార్డు మామూలుగా గీయనేలేదు, దాన్ని పర్ఫార్మెన్స్ అని ఎలా అంటాం? ఇక వెలుతురు కిరణాలు ఎటు పోతాయో లెక్కగట్టే రే ట్రేసింగ్ ఆన్ చేస్తే ఫ్రేములు కుప్పకూలుతాయి, వాటిని లేపడానికి మళ్లీ ఎన్విడియా వాళ్ల అప్‌స్కేలింగ్, అదే డీఎల్‌ఎస్‌ఎస్. రోగం అంటించేదీ వాళ్లే, మందు అమ్మేదీ వాళ్లే.

నీడలపిచ్చి:
బ్రదర్, మీరు మూడింటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. అప్‌స్కేలింగ్ సంగతి వేరు, అది తక్కువ పిక్సెల్సుతో గీసి పెద్ద బొమ్మగా పెంచడం. 4కేలో పర్ఫార్మెన్స్ మోడ్ పెడితే లోపల గీసేది 1080పీనే, అంటే నాలుగో వంతు పిక్సెల్సు, ఒప్పుకుంటా. కానీ మిగతావి గాల్లోంచి ఊడిపడవు కదా, గత ఫ్రేముల్లో గీసినవి ఎటు కదిలాయో మోషన్ వెక్టర్లు చెప్తాయి, ఆ సమాచారాన్ని తెచ్చి కొత్త ఫ్రేములో సర్దుతుంది. మొదట్లో వచ్చిన డీఎల్‌ఎస్‌ఎస్‌ని తిట్టండి, నేనూ తిడతా, బ్యాటిల్‌ఫీల్డ్ 5లో అంతా మసకమసకే. 2020లో 2.0 వచ్చాక కథ మారింది. పోటీ కంపెనీ ఏఎండీ కూడా తన అప్‌స్కేలింగ్‌ని ఎఫ్‌ఎస్‌ఆర్ 3 దాకా ఏఐ లేకుండానే లాక్కొచ్చి, 2025లో ఎఫ్‌ఎస్‌ఆర్ 4తో డీఎల్‌ఎస్‌ఎస్‌లాగే ఏఐ దారికొచ్చింది. ఊరికే రారుగా.

ఫ్రేమ్ జనరేషన్ దగ్గర మాత్రం మీతోనే ఉన్నా. కల్పించిన ఫ్రేముని ముందు చూపించాలంటే తర్వాతి అసలు ఫ్రేము రెడీ అయినా కాసేపు ఆపాలి. అందుకే 30 కాస్తా 60 అని కౌంటర్‌లో పడ్డా, మౌస్ తిప్పితే చేతికి తెలిసేది 30నే, ఇంకాస్త బరువుగా. అసలే 80, 90 వస్తుంటే 144 హెర్ట్జ్ మానిటర్‌ని నింపుకోవడానికి పెట్టుకోండి, హాయిగా ఉంటుంది. 60కి చేరడానికే అది కావాలంటే ఆ గేమ్‌ని ఆప్టిమైజ్ చేయలేదనే అర్థం.

మల్టీప్లేయర్‌వాడు:
అప్‌స్కేలింగ్ అంత గొప్పదైతే 1080పీ మానిటర్‌లో పెట్టి దూరంగా ఉన్న తీగలు, కంచెలు చూడండి, మిణుకుమిణుకుమంటాయి. 4కే స్క్రీన్‌షాట్లు పెట్టి అందరికీ ఒకటే అంటే ఎలా?

నీడలపిచ్చి:
కరెక్టే, లోపలికిచ్చే పిక్సెల్సు తగ్గేకొద్దీ దాని చేతిలో ఏమీ ఉండదు. 1080పీలో క్వాలిటీ మోడ్ (లోపల ఎక్కువ పిక్సెల్సు గీసేది) కంటే కిందికి దిగొద్దు.

పాతకార్డు:
మరి రే ట్రేసింగ్? ఆఫ్ చేసి ఆడితే నాకు తేడా కూడా తెలీదు.

నీడలపిచ్చి:
చాలా గేముల్లో మీరన్నదే నిజం, నాలుగు నీడలకి కాస్త మెరుగు పెట్టి వదిలేస్తారు. కానీ ఒకసారి పాత పద్ధతి రిఫ్లెక్షన్ ఉన్న గేమ్‌లో నీటిగుంట ముందు నిలబడి కెమెరాని మెల్లగా కిందికి వంచండి. బిల్డింగ్ స్క్రీన్ దాటగానే నీళ్లలో దాని నీడ కూడా చెరిగిపోతుంది, ఎందుకంటే ఆ పద్ధతికి స్క్రీన్ మీద ఉన్నదే లోకం. పైగా గేమ్ తయారీలో వెలుగుని ముందే లెక్కగట్టి బేక్ చేసే (సీన్‌లోనే అచ్చేసి పెట్టే) పనిలో ఒక గోడ జరిపితే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే 2024లో ఇండియానా జోన్స్, 2025లో డూమ్ ది డార్క్ ఏజెస్ గేములు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేనిదే నడవమన్నాయి, అయినా డూమ్ కన్సోల్స్‌లో 60 ఇస్తోంది. టెక్నాలజీది తప్పైతే అది ఎలా కుదిరింది?

నా గొడవంతా గ్రాఫులతోనే. 2025 జనవరిలో ఎన్విడియా స్టేజీ మీద కొత్త 5070 కార్డుది అంతకుముందు తరం టాప్ కార్డు 4090 పర్ఫార్మెన్స్ అన్నారు, తీరా చూస్తే నాలుగు ఫ్రేముల్లో మూడు కల్పితాలు. దానికి పర్ఫార్మెన్స్ మోడ్ కూడా తగిలిస్తే 16 పిక్సెల్సులో కార్డు మామూలుగా గీసింది ఒక్కటే. రే ట్రేసింగ్‌కీ, ఫ్రేమ్ జనరేషన్‌కీ అదనంగా వీడియో మెమరీ కావాలి, మరి 8 జీబీ కార్డు డబ్బా మీద ఆ రెండూ పెద్దక్షరాల్లో ఎందుకు అచ్చేస్తారో వాళ్లే చెప్పాలి. కొనేముందు రివ్యూలో ఫ్రేమ్ జనరేషన్ ఆఫ్‌లో ఎంతొచ్చిందో వెతకండి, అది రాయని రివ్యూని పక్కన పెట్టేయండి.