ఇంట్లో బట్టలు కుట్టుకుంటే నిజంగా డబ్బులు మిగులుతాయా?

మండపేట కోడలు:
మా అత్తగారి తొక్కుడు మిషను అటక మీంచి దింపామండి. నైటీలు, పాప గౌన్లు, నా జాకెట్లు నేనే కుట్టుకుందామని ఉంది. మా ఆయనేమో సంతలో నైటీ 250కి వస్తుంటే నడుం నొప్పి తెచ్చుకోడం దేనికి అంటున్నారు. కుట్టేవాళ్లు నిజం చెప్పండి, మిగులుద్దా?

భీమవరం బాబాయ్:
మిగలదమ్మా. నైటీకి మూడు మీటర్లు పడుద్ది, మీటరు 80 వేసుకున్నా 240 గుడ్డకే సరి, దారం, సూదులు, నీ పూట టైము ఎవరిస్తారు? కంపెనీల్లో గుడ్డ పొరలు పొరలుగా పేర్చి ఒకేసారి కోసేస్తారు, ఆ రేటు మనకి ఇంట్లో ఎప్పటికీ రాదు. మీ ఆయన చెప్పిందే కరెక్టు.

రాజోలు అక్క:
బాబాయ్ గారూ మీ కూడిక కరెక్టేనండి కానీ మీరు కాటన్ గుడ్డ రేటు తీసుకెళ్లి పాలిస్టర్ నైటీ రేటు పక్కన పెట్టారు. ఆ 250 నైటీ అంచులోంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్ల అంటించి చూడండి, కాటనయితే కాగితం కాలిన వాసనొచ్చి బూడిదైపోద్ది, పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా ముద్దకట్టేద్ది. మే నెల ఉక్కలో పొయ్యి దగ్గర నిలబడే మనిషికి ఆ పూస ఒంటి మీదున్నట్టేనండి, చంకల్లో చెమటపొక్కులు నేను పడ్డాను కాబట్టి చెప్తున్నా. మంచి కాటన్ నైటీ షాపులో అడిగి చూడండి, 250కి ఎవరూ ఇవ్వరు. నేను ద్వారపూడి బట్టల మార్కెట్టుకి వెళ్లినప్పుడల్లా కాటన్ కట్ పీసులు తెచ్చుకుంటా.

ఇంకోటి, పాప గౌను. రెడీమేడ్ లోపల తిప్పి చూడు, కుట్టు పక్కన పావంగుళం కూడా వదలరు, పిల్ల కాస్త ఒళ్లు చేస్తే ఇక పక్కన పడెయ్యడమే. మనం కుట్టుకుంటే పక్కల్లో అంగుళం, కింద మడతలో మూడంగుళాలు వదిలేసుకోవచ్చు, మా పాప గౌను రెండుసార్లు విప్పి కుట్టి మూడేళ్లు తొడిగాను. మిగిలేది అక్కడ చెల్లీ.

కానీ జాకెట్టుతో మాత్రం మొదలెట్టకు. నేను అదే చేశాను, లైనింగ్ నానబెట్టకుండా కోసేసి కుట్టా, రెండు ఉతుకులకి లోపల లైనింగ్ కుంచించుకుపోయి పైన పట్టు గుడ్డంతా ముడతలు, చంక దగ్గర పట్టేసింది, పెళ్లికని దాచుకున్న గుడ్డండి అది, ఇప్పటికీ బాధే. ముందు దిండు గలీబులు, తర్వాత లంగాలు, చెయ్యి తిన్నగా నడిచాక నైటీ.

అన్నట్టు మిషనుకి కొబ్బరి నూనె వెయ్యకు, మన ఇళ్లలో చేతికి అదే దొరుకుద్ది కదా, జిగురు కట్టి బిగుసుకుపోద్ది. మిషను ఆయిలే వెయ్యి, వానాకాలం తేమకి తుప్పు పట్టకుండా వాడకపోయినా వారానికోసారి తొక్కుతూ ఉండు.

పాలకొల్లు టైలరమ్మ:
నేను కుట్టుకూలి మీద బతికేదాన్ని. అందరూ ఇళ్లలో కుట్టుకుంటే మాకు గిరాకీ పోద్దని నా భయం కాదు, గలీబులు, లంగాలు మా దగ్గరికి ఎలాగూ రావు. నా బాధ వేరే. టైము ఎవరిస్తారని బాబాయ్ గారు అడిగారు చూడండి, ఆ ప్రశ్న ఆడవాళ్ల పని దగ్గర ఎవరూ అడగరు. మా అమ్మ నరసాపురం వైపు లేసు అల్లేది. ఆ లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతం సరుకేనని సర్కారు ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది, కానీ మా అమ్మ కళ్లు పోయేలా అల్లినా వంట అయ్యాక ఖాళీగా కూర్చుని చేసేదేగా అని చేతిలో చిల్లర పెట్టేవారు. కుట్టుకో అమ్మా, కానీ నీ పూటకి కూలి ఎంతో అది కూడా లెక్కలో రాసుకో, మీ ఆయనకి చూపించు.

భీమవరం బాబాయ్:
పోగుల సంగతి నాకు తెలీదమ్మా. ఇందాకే మా ఇంట్లో నైటీ అంచు లాగి కాల్చాను, పూసే కట్టింది. గుడ్డ రేటు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా, టైము విషయంలో తీసుకోను.

మండపేట కోడలు:
మిషను బెల్టు తెగిపోయుంది, రేపు కొత్తది వేయిస్తున్నానండి. అత్తగారి పాత నేత చీర ఒకటుంది, దాంతో గలీబులు మొదలెడతా. అక్కా, గలీబుకి 14 నంబరు సూది సరిపోద్దా, 16 తెచ్చుకోవాలా?

రాజోలు అక్క:
నేత చీరకి 14 చాలు చెల్లీ. కోసే ముందు ఆ చీర కూడా ఓసారి ఉతికి ఆరెయ్యి.