‘ఎప్పటి నుంచి’ని ఇంగ్లీషులో ఎలా అడగాలి?

ప్రశ్న: “ఇక్కడ ఎప్పటి నుంచి పనిచేస్తున్నారు?” అనడానికి నేను “ఫ్రమ్ వెన్ ఆర్ యూ వర్కింగ్ హియర్?” అంటున్నాను. జవాబైతే వస్తోంది గానీ, ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తున్నట్టు తెలుస్తోంది. దాని బదులు “సిన్స్ వెన్” అంటే సరిపోతుందా?

జవాబు: వద్దండీ, దానికన్నా మీ “ఫ్రమ్ వెన్”నే నయం. “సిన్స్ వెన్” వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు. కానీ మాటల్లో అది తరచు ఎత్తిపొడుపుగా వినిపిస్తుంది. “సిన్స్ వెన్ డూ యూ కుక్?” అంటే “నీకు వంట ఎప్పటి నుంచి వచ్చో!” అన్నట్టు. మనం కూడా గొంతు మార్చి ‘ఎప్పటి నుంచో!’ అంటే వెటకారమే. అయితే మనకు మామూలు అర్థం ముందు తోస్తుంది, ఇంగ్లీషువాళ్లకు వెటకారం ముందు తోస్తుంది.

మీరు అడగాల్సింది “హౌ లాంగ్ హావ్ యూ బీన్ వర్కింగ్ హియర్?” అని. మనం పని ఎక్కడ మొదలైందో అడుగుతాం, ఇంగ్లీషు ఎంతకాలం సాగిందో అడుగుతుంది. జవాబు మాత్రం ఎలాగైనా చెప్పొచ్చు: “ఫర్ త్రీ ఇయర్స్” అనీ అనొచ్చు, “సిన్స్ 2021” అనీ అనొచ్చు. ఎంతసేపు, ఎన్నాళ్లు, ఎన్నేళ్లు అన్నిటికీ ఆ ఒక్క “హౌ లాంగ్” చాలు.

ఒక్కచోట జాగ్రత్త. “హౌ లాంగ్ హావ్ యూ బీన్ హియర్?” అంటే వచ్చి ఎన్నాళ్లయింది అని. “హౌ లాంగ్ ఆర్ యూ హియర్ ఫర్?” అంటే ఎన్నాళ్లుంటారు అని. ఆ ‘హావ్ యూ బీన్’ పోతే చూపు వెనక్కి కాకుండా ముందుకు పోతుంది. మీరు గతం గురించి అడిగామనుకుంటారు, ఆయనేమో “టిల్ సండే” అంటాడు.

‘ఎప్పుడొచ్చారు?’కి “వెన్ హావ్ యూ కమ్?” అనకండి. అయిపోయిన పని ఎప్పుడైందో అడిగేటప్పుడు “వెన్ డిడ్ యూ కమ్?” అనాలి. గడియారం చూసి చెప్పే జవాబు కావాలంటే “వాట్ టైమ్” అని అడిగితే ఇంకా సూటిగా ఉంటుంది.

ఇంకొకరు: ‘వెన్’ తర్వాత ‘విల్’ రాకూడదని మాకు నేర్పారు. మరి “టెల్ మీ వెన్ యూ విల్ కమ్” అనే మాట రోజూ వింటూనే ఉన్నాం. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మొచ్చండీ, అవి రెండు వేర్వేరు ‘వెన్’లు. ఈ తేడా తెలుగువాళ్లకి చిటికెలో తేలుతుంది. వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి. ‘నువ్వు వచ్చినప్పుడు ఫోన్ చెయ్యి’ అంటే అందులో ప్రశ్న లేదు, కాబట్టి ‘విల్’ పెట్టం: “కాల్ మీ వెన్ యూ కమ్”. ‘నువ్వు ఎప్పుడొస్తావో చెప్పు’ అంటే లోపల ప్రశ్న దాగి ఉంది, అక్కడ ‘విల్’ హాయిగా పెట్టుకోవచ్చు. ‘అప్పుడు’ వస్తే విల్ లేదు, ‘ఎప్పుడో’ వస్తే ఉండొచ్చు. వ్యాకరణ పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి గానీ, మాట్లాడేటప్పుడు అవేవీ గుర్తుకు రావు.

‘బై’, ‘టిల్’ల గొడవా ఇలాంటిదే. ‘శుక్రవారం కల్లా ఇస్తాను’ అంటే “బై ఫ్రైడే”, ‘శుక్రవారం దాకా ఉంటాను’ అంటే “టిల్ ఫ్రైడే”. ‘కల్లా’, ‘దాకా’ మనకు ఎప్పుడూ కలగలిసిపోవు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి మాత్రం “ఐ విల్ ఫినిష్ ఇట్ టిల్ ఫ్రైడే” అనేస్తాం, ఎందుకో!

ప్రశ్న అడిగినవారు: బాగుందండీ. మరి ‘మీటింగ్ ఎప్పుడో చెప్తారా?’ అనడానికి “కెన్ యూ టెల్ మీ వెన్ ఈజ్ ద మీటింగ్?” అనొచ్చా?

జవాబు: అర్థమైపోతుంది, చాలామంది అలాగే అంటారు. రాతలో మాత్రం “వెన్ ద మీటింగ్ ఈజ్” అని రాయండి. మొదట ‘కెన్ యూ’తోనే ప్రశ్న అడిగేశారు కదా, లోపల మళ్లీ మాటల వరస తిప్పక్కర్లేదు.