ఐదున్నరేళ్ల పాపకి అన్‌స్కూలింగ్, ఎలా మొదలుపెట్టాలి?

నమస్తే అండి, మాది హన్మకొండ. పాపకి ఐదున్నరేళ్లు. యూకేజీలో వేశాం కానీ రోజూ నాలుగు పేజీల రైటింగు హోంవర్కు, రాత్రి పెన్సిల్ చేతిలో ఉండగానే నిద్రపోయేది, పొద్దున యూనిఫాం చూస్తేనే కడుపునొప్పి అనేది, అందుకే సంక్రాంతి సెలవుల తర్వాత ఇంక పంపలేదు. బడి, సిలబస్ లేకుండా పిల్లల ఆసక్తిని బట్టి ఇంట్లోనే నేర్చుకోనివ్వడమే అన్‌స్కూలింగ్ అంటారు కదా, అదే చేద్దామనుకుంటున్నాం.

మొన్న నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని గింజలన్నీ పదేసి చొప్పున కుప్పలు పెట్టింది, నేనేం చెప్పలేదు, తనే ఏడు కుప్పలమ్మా ఇంకో మూడు మిగిలాయి, డెబ్బై మూడు కదా అంది. స్కూల్లో వంద దాకా అంకెలు రాయమంటే ఏడ్చిన పిల్లే ఇది! అప్పుడే నాకు అన్‌స్కూలింగ్ మీద నమ్మకం కుదిరింది. కానీ అక్షరాలు మాత్రం అస్సలు ముట్టుకోదు, కథ నన్నే చదివి చెప్పమంటుంది. తనంతట తను అడిగేదాకా ఆగాలా, రోజూ కాసేపైనా దిద్దించాలా? మీ పిల్లలు ఏ వయసులో చదవడం మొదలుపెట్టారు?

ఇంకోటి, 2009 విద్యాహక్కు చట్టంలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి బడి అని ఉంది కదా, మా మామయ్యగారికి అదే భయం. జాతీయ ఓపెన్ స్కూల్ అయిన ఎన్ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండాక టెన్త్ రాయొచ్చని, అంతకుముందు 3, 5, 8 తరగతులకి సమానంగా ఓబీఈ (ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్) లెవెల్స్ ఉన్నాయని చదివాను. పిల్లలతో అలా రాయించినవాళ్లుంటే మీ అనుభవం చెప్పండి ప్లీజ్.

వరంగల్ వైపు ఇలా ఇంట్లోనే పెంచుతున్నవాళ్లు ఉన్నారా? పగలంతా వీధిలో పిల్లలుండరు, నాలుగింటికి స్కూలు బస్సు వచ్చేదాకా పాప గేటు పట్టుకుని చూస్తూనే ఉంటుంది, తనకి తోడు కావాలండి.